భారతక్క విన్న కూత

నీళ్ళు కొట్టిన ఎర్రమట్టి వాసన పొద్దున్నే ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నా కాళ్ళు ఒకచోట నిలబడవు. తిరుమలగిరి దగ్గర ఒక ఆడపిల్లల గురుకులంలో నేను ఆటల టీచర్ని. పిల్లలు ముందర మేడం అంటారు, వెనకాల ఇంకేదో అంటారు, అది నాకు తెలియదనుకుంటారు పాపం. మొన్న ఒక పొద్దున కబడ్డీ జట్టుకు పిల్లల్ని ఏరుతున్నాను. అనిత అని కొత్తగా చేరిన పిల్ల, బక్కపలచగా ఉంటుంది, కూతకు పోయింది. అబ్బ, ఏం పోవడం అది! పెద్దపిల్లల మధ్యలోకి దూరి ఇద్దర్ని తాకి, మూడోదాని చేతికి అందకుండా వెనక్కి తిరిగింది. అప్పుడే ఆ పిల్ల నోట్లో మాట నా చెవిన పడింది. కబడ్డీ కాదు, చెడుగుడుగుడుగుడు అంటోంది.

కబడ్డీ ఎరగనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. అవతలి జట్టు జాగాలోకి పోయిన మనిషి తిరిగి మధ్యగీతను అందుకునేదాకా ఒక్క ఊపిరి మీద కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి. దాన్నే కూత అంటాం. ఊళ్ళలో ఎవరి కూత వాళ్ళది. కానీ పోటీల్లో ఆ ఒక్క మాటే చెల్లుతుంది. ఇంకేది అన్నా కూత తప్పినట్టే, పాయింటు అవతలివాళ్ళకు పోతుంది. విజిల్ నా పెదాల మధ్యనే ఉంది. చుట్టూ పిల్లలు కేకలు పెడుతున్నారు, నేను తప్ప ఎవరూ వినలేదు. ఊదితే ఆ పిల్ల మొహం ఎట్లా అవుతుందో నాకు తెలుసు. ఎందుకంటే ఒకప్పుడు ఆ మొహం నాదే, నా కూత తప్పిందని పట్టుకున్నది భారతక్క.

మాది దేవరకొండ అవతల చిన్న పల్లె. నాయిన, అమ్మ కూలికి పోయేవాళ్ళు, పత్తి ఏరే కాలంలో నేనూ పోయేదాన్ని. ఆదివారం చర్చి అయ్యాక వెనకాల ఖాళీ జాగాలో మగపిల్లలతో కలిసి ఆడేదాన్ని. ఆడపిల్లకు ఇదేం ఆట అని ఎవరైనా అంటే నాయినే వాళ్ళ మీద లేచేవాడు. నాకు ఆట నేర్పింది ఆయనే మరి. ఆయన కూత చెడుగుడుగుడుగుడు. నాలుక మీద అదంతట అదే దొర్లిపోతుంది, ఊపిరి ఎక్కువ పట్టదు. మా ఊళ్ళో నన్ను పట్టినవాళ్ళు లేరు. ఆ పొగరుతోనే నల్లగొండలో దిగాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో అక్కడ నాకు పీజీ సీటు వచ్చింది. ఆలస్యంగా చేరినందుకు హాస్టల్లో జాగా లేదన్నారు. చిన్నమ్మ వాళ్ళ కిరాయి గదిలో ఉన్నాను. వాళ్ళకు ఉన్నదే ఒక్క గది. చిన్నమ్మ మొదటి రోజే చెప్పేసింది, "దసరా దాంక ఉండు రూతూ. పండుగైనంక మా ఆడిబిడ్డ కాన్పుకొస్తది. ఇంక నిన్నేడ పండవెట్టాలె బిడ్డా?" ఆమెను తప్పుపట్టలేను. ఊరి నుంచి రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. బయట గది తీసుకునే స్తోమత మాకు లేదు. మిగిలిన దారి ఒక్కటే. యూనివర్సిటీ కబడ్డీ జట్టులోకి వస్తే ఆటల కోటాలో హాస్టల్ ఇస్తారు. ఆ ఏడు కొత్తవాళ్ళకు జట్టులో ఉన్నది ఒక్క జాగా. అది దొరికితే చదువు ఉంటుంది, లేకపోతే సంచి సర్దుకుని మళ్ళీ పత్తి చేనుకు పోవడమే.

మొదటి రోజు గ్రౌండుకు పోయేసరికి ఒక మనిషి వంగి రాళ్ళు ఏరుతోంది. పొట్టిగా, గట్టిగా, జుట్టు నెత్తి మీద ముడేసుకుని ఉంది. ఏరిన రాళ్ళను చున్నీ కొంగులో వేసుకుంటోంది. పనిమనిషేమో అనుకుని, "కబడ్డీ సారు ఏడున్నడు?" అని అడిగాను. తలెత్తకుండానే, "వస్తడు. చెప్పులిడువు. గీతల మీద నడువకు" అంది. ఆమే కెప్టెన్ భారతి, అందరికీ భారతక్క. చండూరు దిక్కు నేతపని వాళ్ళ ఇల్లు. చిన్నప్పటి నుంచి ఆసు పోసిన చేయి ఆమెది. ఆసు పోయడమంటే చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడం, పొద్దంతా చేయి ఆగదు. ఆ చేతికి చీలమండ దొరికిందంటే విడిపించుకున్నవాళ్ళు లేరని సీనియర్లు చెప్పారు. నేను లోపల నవ్వుకున్నాను. మా ఊరికి వచ్చి చూడమను అనుకున్నాను.

ఆ జట్టుకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గ్రౌండుకు నీళ్ళు సీనియర్లే కొట్టాలి, కొత్తవాళ్ళు పైపు ముట్టుకోకూడదు. ఏటా కొత్తోళ్ళ ఆట అని ఒకటి పెడతారు. ఒక దిక్కు కొత్తవాళ్ళు, ఇంకో దిక్కు సీనియర్లు. అందులో సీనియర్లు జాలి చూపిస్తే కోచ్ సారు వాళ్ళనే బయట కూర్చోబెడతాడు. కొత్తవాళ్ళలో ఎవరి ఆట కళ్ళకు కడితే వాళ్ళకే జాగా.

ఆ ఆట రోజు గ్రౌండు చుట్టూ మగపిల్లలు కూడా చేరారు. ఈలలు, కేకలు. నా వంతు రాగానే పోయాను. ఒకామెను తాకాను. తిరుగుదామంటే ఇద్దరు దారికి అడ్డం వచ్చారు. చిన్నమ్మ గది, సంచి, పత్తి చేను అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎట్లా తప్పించుకున్నానో నాకే తెలియదు, మధ్యగీత మీద బోర్లా పడ్డాను. చప్పట్లు మారుమోగాయి. కోచ్ సారు నవ్వుతున్నాడు. అయిపోయింది, హాస్టల్ వచ్చేసింది అనుకుని లేచి దుమ్ము దులుపుకున్నాను. అప్పుడు భారతక్క చెయ్యెత్తింది.

"సార్, గీ పిల్ల కూత తప్పింది."

"నేనినలేదు గదమ్మా" అన్నాడు సారు.

"నేనిన్న సార్. తాకే దాంక కబడ్డీ అన్నది. అడ్డమొచ్చినంక చెడుగుడు అన్నది."

సారు నా దిక్కు చూశాడు. కాదు అందామని నోరు తెరిచాను. నిజం చెప్పాలంటే ఏం అన్నానో నాకే గుర్తులేదు. భయం వేస్తే నాలుక ఇంటి దారి పట్టిందన్నమాట. సారు పాయింటు తీసేశాడు. ఆ రోజు ఎవర్నీ తీసుకోలేదు. "దసరా సెలవులకు ముందల ఇంకోసారి ఆడిస్త. ఉన్నది ఒక్కటే జాగ, యాదివెట్టుకోండ్రి" అని వెళ్ళిపోయాడు.

నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఏడుస్తుంటే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"రేపు పొద్దుగాల ఐదింటికి రా."

"రాను."

"ఎందుకు రావు?"

"నా నోటికాడి బుక్క గుంజుకొని మల్ల రమ్మంటవా?"

"గుంజుకున్న. ఐదింటికి రా."

అంతే, పోయింది. క్షమించమని లేదు, ఓదార్పు లేదు. నేను ఇంటికి పోయి చిన్నమ్మ ముందు ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆమె వంశాన్నంతా తిట్టాను. చిన్నమ్మ అన్నం పెడుతూ, "గంత మంట ఉంటే పోకు. పోకుంటే ఊరికి పో" అంది. పొద్దున లేచి తిట్టుకుంటూనే పోయాను. నాకంటే ముందే వచ్చి చీకట్లోనే రాళ్ళు ఏరుతోంది. "పనోళ్ళు లేరా అక్కా?" అన్నాను ఎద్దేవాగా. "పడేది నువ్వూ నేను. పనోళ్ళొచ్చి పడ్తరా?" అంది. నేనూ వంగి ఏరాను.

ఆ పొద్దు నుంచి ఆమె నన్ను అడిగింది ఒక్కటే మాట. ఏమంటున్నవే? గ్రౌండు చుట్టూ ఉరికేటప్పుడు వెనక నుంచి వచ్చి చెవిలో అరిచేది, "ఏమంటున్నవే?" జవాబు కూతతోనే చెప్పాలి, కబడ్డీ కబడ్డీ అని. ఆగితే మొదటికొచ్చి మళ్ళీ ఉరకాలి. ఆ మాటలో డ్డీ దగ్గర నాకు ఊపిరి కోసుకుపోయినట్టు ఉండేది. క్యాంటీన్లో చాయ్ కోసం నిలబడితే వీపు మీద ఒక్కటి చరిచి, "ఏమంటున్నవే?" జనమంతా నవ్వేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఒకసారి బస్సులో కండక్టర్ ఏడికమ్మా అని అడిగితే కబడ్డీ అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, చిన్నగా, ఒంట్లో బాగుందా తల్లీ అన్నాడు. నిద్రలో కూడా గొణుగుతున్నానని చిన్నమ్మ భయపడి, నా నొసటికి నూనె రాసి ప్రార్థన చేసింది.

ఇంత చేసినా ఆట వేడెక్కితే నాలుక జారేది. కాలు పట్టగానే, నడుము పట్టగానే మళ్ళీ చెడుగుడే. ఒక రోజు ఇట్లాగే తప్పి, లేచి కూర్చుని ఆమె మీద విరుచుకుపడ్డాను. "మా నాయిన కూత తప్పా? మా ఊరంతా తప్పా? మీ ఒక్కరిదే కూతనా?" భారతక్క కోపం తెచ్చుకోలేదు. నా పక్కనే మట్టిలో చతికిలబడింది.

"తప్పని ఎవరన్నరే? మీ నాయినతోని ఆడినప్పుడు అదే అను. ఈడ గిదే చెల్లుతది."

"గంత గోలల నువ్వొక్కదానివే ఎట్లిన్నవు అక్కా?" చాలా రోజులుగా నన్ను తొలుస్తున్న మాట అది.

"మా ఇంట్ల ఆరుగాలం మగ్గం సప్పుడే. గా సప్పుడుల ఒక్క పోగు తెగినా మా అమ్మ ఇంటది. నాకూ అదే అలవాటు." కొంగులో రాళ్ళు కదిలించింది. "నేనినకపోతే నీకు మంచిగుంటుండె. గానీ వేరే యూనివర్సిటీ గ్రౌండుల అంపైరు ఇంటడు గద. అప్పుడు నువ్వొక్కదానివే ఏడుస్తవా? జట్టంత ఏడుస్తది."

అది విన్నాక కొంచెం మెత్తబడ్డాను. మెత్తబడ్డాను కదా అని ఒక ఆశ పుట్టింది. సెలవులు దగ్గరపడ్డాయి. మిర్యాలగూడ నుంచి వచ్చిన శైలజ అనే పిల్ల కూడా బాగా ఆడుతోంది, కూత తప్పడమన్నది ఆమెకు తెలియదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక పొద్దున గ్రౌండుకు నీళ్ళు కొడుతున్న భారతక్క దగ్గరికి పోయి, సిగ్గు విడిచి అడిగాను. "అక్కా, సారు నీ మాట ఇంటడు. నా సంగతి ఒక్క మాట చెప్పరాదూ? హాస్టల్ రాకుంటే నా చదువు ఆగుతది. నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి చెప్పు."

"చెప్ప." పైపు మీద బొటనవేలు ఆనించి నీళ్ళు దూరంగా చిమ్మింది. "నాకు నీ సంగతి తెలుసు. శైలజ సంగతేందో నీకు తెలుసా? దానికెవరు చెప్పాలె?"

ఆ రోజు ఆమెను నిజంగానే అసహ్యించుకున్నాను. రాయిలాంటి మనిషి, ఈమెకు గుండె లేదు అనుకున్నాను. ఈమె కింద ఆడేకంటే పత్తి ఏరుకోవడమే నయమని కూడా అనుకున్నాను. అయినా మర్నాడు ఐదింటికి పోయాను. ఎందుకు పోయానంటే ఏం చెప్పను, అప్పటికి నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి.

రెండో ఆట సెలవులకు ముందు రోజు పెట్టారు. చిన్నమ్మ పొద్దున్నే నా సంచి సర్ది తలుపు దగ్గర పెట్టింది. హాస్టలైనా ఊరైనా పోవడం ఖాయం కదా, తప్పులేదు. కానీ ఆ సంచి దిక్కు చూడకుండా దాన్ని దాటి బయటపడ్డాను. ఆటలో శైలజ చెలరేగిపోయింది. ఆమె కూతకు పోయినప్పుడల్లా సారు ముందుకు వంగి చూస్తున్నాడు. నేను మాత్రం భయంతో బిగుసుకుపోయి, ఎవరినీ తాకకుండా ఉత్తచేతుల్తో తిరిగొస్తున్నాను. ఆఖరికి సారు నన్ను పిలిచి, "ఇదే లాస్టు. ఏం చేస్తవో చెయ్" అన్నాడు.

పోయాను. ఎడమ మూలలో భారతక్క, మోకాళ్ళు వంచి, నా పాదాలనే చూస్తోంది. ఆమె జోలికి పోవద్దని నా బుద్ధి చెప్పింది. కానీ మిగతావాళ్ళు దూరం జరిగారు, తాకాలంటే ఆమే మిగిలింది. కాలు చాచాను. కాలివేలి కొస ఆమె మోచేతికి తగిలిందో లేదో చీలమండ పట్టేసింది. ఆ పట్టు గురించి విని నవ్వుకున్నాను చూడండి, ఆ నవ్వుకు అప్పుడు బదులొచ్చింది. బోర్లా పడ్డాను. ఇంకొకామె నడుము మీద పడింది. మధ్యగీత నా చేతికి మూరెడు దూరంలో ఉంది. సారు పరుగున వచ్చి నా నోటి దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి అయిపోతోంది. కబడ్డీ అనలేక నాలుక మెత్తబడుతోంది. నాయిన కూత పెదవుల దాకా వచ్చేసింది, ఇంకొక్క క్షణమైతే జారేదే.

అప్పుడు నా కాలి దగ్గర మట్టిలో మొహం పెట్టి ఉన్న భారతక్క గొంతు చించుకుని అరిచింది. "ఏమంటున్నవే?"

కబడ్డీ అన్నాను. కబడ్డీ కబడ్డీ కబడ్డీ అన్నాను, ఏడుస్తూ అన్నాను. మోచేతులు మట్టిలో దించి వాళ్ళిద్దర్నీ ఈడ్చుకుంటూ జరిగాను. ఆమె పట్టు రవ్వంత కూడా సడలించలేదు, ఆ వేళ్ళ గుర్తులు వారం దాకా ఉన్నాయి. గోరు గీతకు తగిలింది. సారు విజిల్ ఊదాడు.

నేను వెల్లకిలా తిరిగి, అట్లాగే పడి ఆకాశం చూస్తున్నాను. భారతక్క లేచి మట్టి ఉమ్మేసి, ఆలస్యంగా వచ్చి పట్టారని మిగతా సీనియర్లను నాలుగు తిట్టింది. నా దిక్కు చూడనైనా చూడలేదు. సారు దగ్గరికి పోయింది, ఆయన ఏదో చెప్పాడు, తలూపింది. తర్వాత నల్లా దగ్గరి నుంచి పైపు ఈడ్చుకుంటూ వచ్చి నా పొట్ట మీద పడేసింది.

"లే. సెలవులైనంక గ్రౌండుకు నీళ్ళు నువ్వే కొట్టాలె."

కొత్తవాళ్ళు ముట్టుకోకూడని పైపు అది. అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక పైపును పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. శైలజ వచ్చి నా చేయి పట్టి లేపింది, ఆమె కళ్ళలోనూ నీళ్ళే. నల్లగొండలోనే వాళ్ళ మేనత్త ఇల్లుందని, ఆమె చదువుకు ఢోకా లేదని నాకు తర్వాతగాని తెలియలేదు. మరుసటి ఏడు ఆమె కూడా జట్టులోకి వచ్చింది. ఆ సాయంత్రం చిన్నమ్మ నా సంచిని తనే మోసుకొచ్చి హాస్టల్ గదిలో పెట్టి, మంచం మీద చేత్తో నిమిరి, జాగ మంచిగుంది బిడ్డా అంది.

భారతక్క ఇప్పుడు నందికొండలో ఉద్యోగం చేస్తోంది. ఫోన్ చేస్తే ముందు తిడుతుంది, తర్వాత తన పిల్లల సంగతులు చెబుతుంది. రెండేళ్ళ కింద వాళ్ళింటికి పోయినప్పుడు చేపల పులుసు పెట్టింది. తింటూ తింటూ, ఎన్నేళ్ళుగానో లోపల దాచుకున్న మాట అడిగాను. "అక్కా, ఆ రోజు నువ్వు అరువకుంటే నా కూత తప్పుతుండె. నాకు యాది చెయ్యనీకే అరిసినవు గదా?"

పులుసు గిన్నె కింద పెట్టి పగలబడి నవ్వింది. "థూ నీ యవ్వ! యాది చేసుడేందే? నిన్ను మాట్లాడిస్తె కూత తెగుతదని అరిసిన. నిన్ను పడగొట్టనీకే అరిసిన. నువ్వు తెగనియ్యలే."

నా మొహం వాడిపోయింది. ఇన్నేళ్ళూ అదంతా నా మీద ప్రేమ అనుకుని బతికాను మరి. అక్కడి నుంచి మా ఊరికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఉక్రోషపడ్డాను. దేవరకొండ వచ్చేసరికి ఆ ఉక్రోషం పోయి గర్వం మిగిలింది. ఆ గది ఆమె ఇచ్చింది కాదు. ఆమె ప్రాణం పెట్టి ఆపుతుంటే నేను తీసుకున్నది. నాకు ఎవరూ దయతలిచి ఏదీ పడేయలేదని నేను తలెత్తి చెప్పగలిగేది ఆమె వల్లే.

మొన్న పొద్దున విజిల్ ఊదాను. అనిత గీత దాటి, చేతులు పైకెత్తి గెంతుతూ ఆగిపోయింది.

"కూత తప్పినవ్" అన్నాను.

"మేడం, ఎవలు ఇనలే గదా!"

"నేనిన్న."

ఆ పిల్ల నన్ను చూసిన చూపు చెప్పలేను. కాల్చేసేలా చూసింది. ఆ చూపు నాకు కొత్తది కాదు. దగ్గరికి పోయి, "రేపు పొద్దుగాల ఐదింటికి గ్రౌండుకు రా" అన్నాను.

"రాను" అంది ముక్కు ఎగబీలుస్తూ.

నేను వచ్చేశాను. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచాను. ఆ పిల్ల వచ్చేలోపు రాళ్ళు ఏరాలి కదా.